నైపుణ్యం ఎవరికి జవాబుదారీ?

ప్రభుత్వోద్యోగుల నైపుణ్యాన్ని పెంచాలన్న మాట ఈనాడు అనేక దేశాల్లో ప్రభుత్వాల నోట వినబడుతున్నది. మన దేశంలో 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 'మిషన్ కర్మయోగి' అనే పథకాన్ని ఆమోదించింది. ఆస్ట్రేలియాలో 2019లో ఒక స్వతంత్ర సమీక్షాసంఘం ప్రభుత్వ సర్వీసు మీద నివేదిక ఇచ్చింది. 2021లో ఉద్యోగుల శిక్షణకు ఒక అకాడమీ వెలిసింది. ఫ్రాన్సులో 1945 నుంచి ఉన్నతాధికారులను తయారుచేస్తూ వచ్చిన జాతీయ పరిపాలనా పాఠశాలను రద్దుచేసి 2022 జనవరిలో దాని స్థానంలో మరొక సంస్థను నిలబెట్టారు. ఈ చర్చలన్నిటిలోనూ ఒక ప్రశ్న మాత్రమే తరచుగా వినబడుతుంది: ఉద్యోగిని మరింత సమర్థుడిగా చేయడం ఎట్లా? అంతకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఆ సామర్థ్యం ఎవరికోసం? దానికి లెక్క అడిగే హక్కు ఎవరిది?

ఈ వ్యాసానికి తక్షణ కారణం నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి. గ్రూపు పరీక్షలకు తయారవుతున్నాడు. విద్యార్థి ఉద్యమంలో పనిచేసినవాడు. "మాస్టారూ, నేను పరీక్ష నెగ్గితే నా చదువు జనానికి ఉపయోగపడుతుందా, లేక జనంమీద పెత్తనం చేసే యంత్రంలో నేనూ ఒక మరనవుతానా?" అని అడిగాడు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అది అతని ఒక్కడి ప్రశ్న కాదు. మన కళాశాలల్లో చదివే పేద, మధ్యతరగతి బిడ్డలు వేలాదిమంది ఏళ్ళ తరబడి ఈ పరీక్షలకోసం కళ్ళు కాయలు కాచేలా చదువుతున్నారు. వారికి ఈ ప్రశ్న కేవలం సిద్ధాంతచర్చ కాదు, బతుకు సమస్య.

ఈ విషయంలో రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. నైపుణ్యం అనేది కత్తివంటిది, దానికి పక్షపాతం లేదు, దాన్ని పదును పెట్టడమే సంస్కరణ అనేది మొదటిది. అధికారయంత్రాంగమంతా పాలకవర్గపు పనిముట్టే గనుక అందులో సమర్థుడికీ అసమర్థుడికీ తేడా లేదనేది రెండవది. మొదటిది ప్రభుత్వ నివేదికల్లో కనిపిస్తుంది. రెండవది మన మిత్రుల సంభాషణల్లో వినిపిస్తుంది. చరిత్రను కొంచెం నిదానంగా పరిశీలిస్తే ఈ రెండూ నిలబడవని నా అభిప్రాయం.

1

ఆధునిక సివిల్ సర్వీసుకు పునాది వేసినదిగా చెప్పుకొనేది 1854లో బ్రిటన్‌లో వెలువడిన నార్త్‌కోట్–ట్రెవెల్యన్ నివేదిక. అంతకుముందు అక్కడ కొలువులు సిఫారసుమీద దొరికేవి. ప్రభువుల ఇళ్ళలో ఎందుకూ కొరగాని కొడుకులకు ప్రభుత్వ కచేరీలు ఆశ్రయమిచ్చేవి. ఈ దురాచారానికి బదులు బహిరంగ పోటీపరీక్ష పెట్టాలనీ, ప్రతిభనుబట్టి పైకి తేవాలనీ ఆ నివేదిక చెప్పింది. ఇది నిస్సందేహంగా ముందడుగు. పుట్టుకను కాదని యోగ్యతను అడగడం భూస్వామ్య వ్యవస్థ మీద బూర్జువావర్గం సాధించిన విజయాల్లో ఒకటి.

కాని అదే నివేదిక పనిని రెండుగా చీల్చింది. బుద్ధితో చేసేది ఒకటి, యాంత్రికంగా చేసేది మరొకటి. మొదటిదానికి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టభద్రులు, రెండవదానికి గుమాస్తాలు. ఆ విశ్వవిద్యాలయాల గడప తొక్కగలిగినవారు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పుట్టుక తలుపు మూసి చదువు తలుపు తెరిచారు; కాని ఆ చదువుల తాళంచెవి ఉన్నవారి ఇళ్ళలోనే ఉండిపోయింది.

ఇంతకంటె ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో ఒకడైన చార్లెస్ ట్రెవెల్యన్ 1840ల చివరలో ఐర్లండు కరువునాడు లండన్ ఖజానా శాఖలో ఉండి సహాయకార్యక్రమాలను నడిపినవాడు. కష్టపడి పనిచేసేవాడు, లంచగొండి కాడు, ఫైళ్ళన్నీ స్వయంగా చూసేవాడు. ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. సహాయం ఎక్కువైతే జనం సోమరులవుతారనీ, మార్కెట్టులో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదనీ ఆయన నమ్మాడు. 1848లో ఆ కరువు మీద పుస్తకం రాస్తూ దాన్ని దైవసంకల్పంగా వ్యాఖ్యానించాడు. తరవాత 1859లో మద్రాసుకు గవర్నరుగా కూడా వచ్చాడు. సమర్థుడైన ఉద్యోగి ఎట్లా ఉండాలో ప్రపంచానికి చెప్పిన మనిషే, ఆకలితో చస్తున్న జనాన్ని ఖర్చుపద్దుగా చూశాడు. ఇది ఆయన సామర్థ్యంలో లోపమా? కాదు. ఆయన సామర్థ్యం ఖజానాకు జవాబుదారీ. ఐర్లండు రైతుకు కాదు.

2

మన ప్రాంతానికి సంబంధించిన మరొక ఉదాహరణ ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సహాయకార్యక్రమాలను నిర్వహించినవాడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే సివిల్ సర్వీసు అధికారి. బర్మానుంచి బియ్యం తెప్పించి, ఉదారంగా పంచి, చావులను చాలావరకు ఆపగలిగాడు. ఇందుకు మెప్పు రాలేదు సరికదా, ప్రభుత్వ ధనాన్ని దుబారా చేశాడని విమర్శ వచ్చింది. మూడేళ్ళ తరవాత 1877లో మద్రాసు రాజధానిని మహా కరువు పట్టి పీడిస్తున్నప్పుడు వైస్రాయి లిట్టన్ ఈయననే ఇక్కడికి పంపాడు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడుతున్నాయి. ఈసారి టెంపుల్ పొదుపు పాఠం బాగా నేర్చుకొని వచ్చాడు. కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు.

బీహారు టెంపులూ, మద్రాసు టెంపులూ ఒకే మనిషి. చదువు ఒకటే, అనుభవం ఒకటే, లెక్కలు వేసే చాకచక్యం ఒకటే. మారింది ఏమిటి? పైనుంచి వచ్చిన మెప్పూ, మందలింపూ. మొదటిసారి మనుషులను బతికించినందుకు చీవాట్లు తిన్నాడు. రెండవసారి ఖజానాను బతికించి ఆ మచ్చ తుడుచుకున్నాడు. నైపుణ్యం తనకుతానుగా ఏ దిక్కూ చూపదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయితే కథ ఇక్కడితో ముగియలేదు. అప్పుడు మద్రాసు ప్రభుత్వంలో శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కోర్నిష్ ఈ కూలిరేటును వ్యతిరేకించాడు. జాలి పేరుతో కాదు, వైద్యశాస్త్రం పేరుతో. రోజంతా పనిచేసే మనిషి ఒంటికి ఎంత తిండి కావాలో లెక్కగట్టి, టెంపుల్ ఇస్తున్నది చాలదని కాగితంమీద నిరూపించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలిరేటును మళ్ళీ పెంచవలసివచ్చింది. ఆలోగా లెక్కలేనంతమంది చనిపోయారు. కోర్నిష్ విప్లవకారుడు కాడు. ఆయన కూడా ఆ సామ్రాజ్యపు ఉద్యోగే. కాని తన శాస్త్రాన్ని ఎదురుగా ఉన్న శరీరానికి జవాబుదారీ చేశాడు.

అధికారయంత్రాంగంలో సమర్థుడికీ అసమర్థుడికీ తేడా లేదనే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. కోర్నిష్‌కు ఆ శాస్త్రం తెలియకపోతే ఆయన మంచి మనసు ఎవరికీ గుక్కెడు గంజి పోసి ఉండేది కాదు. కచేరీలో కూర్చున్నవాడు అజ్ఞాని అయితే మొదట నష్టపోయేది పేదవాడే. ధనవంతుడు వకీలును పెట్టుకుంటాడు, పై అధికారి దగ్గరికి పోతాడు. పట్టాలో ఒక సర్వే నంబరు తప్పు పడితే చిన్న రైతు జీవితకాలం తిరుగుతాడు. కాబట్టి నైపుణ్యం అవసరం లేదనడం విప్లవం కాదు, బాధ్యతారాహిత్యం.

3

మరి జవాబుదారీ ఎవరికి ఉండాలి? ఎన్నికైన పాలకులకు ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. దీనికి అమెరికా చరిత్ర జవాబు చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ గెలిచిన పార్టీ కొలువులన్నీ తనవారికి పంచిపెట్టేది. 1881లో ఉద్యోగం దొరకని ఒక ఆశావహుడు అధ్యక్షుడు గార్ఫీల్డును కాల్చాడు. దాని తరవాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి పరీక్షా పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ పరీక్షల ద్వారా కొందరు నల్లజాతివారు కూడా వాషింగ్టన్ ఆఫీసుల్లో చేరగలిగారు. 1913లో ఉడ్రో విల్సన్ అధ్యక్షుడయ్యాడు. ఈయన పరిపాలనాశాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈయన హయాంలోనే ఆఫీసుల్లో నల్లవారిని వేరుచేశారు. 1914 నుంచి ఉద్యోగపు దరఖాస్తుకు ఫోటో జతచేయాలన్న నిబంధన వచ్చింది. పరీక్ష అట్లాగే ఉన్నది, మార్కులు అట్లాగే ఉన్నాయి. ఒక్క ఫోటో చాలింది.

ఈ మధ్యనే, 2020 అక్టోబరులో, వేలాది ఉద్యోగుల రక్షణలను తొలగించి వారిని పాలకుల ఇష్టానికి వదిలే ఉత్తర్వు ఒకటి అక్కడ వెలువడింది. 2021 జనవరిలో రద్దయింది, 2025 జనవరిలో మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఇదంతా ఎన్నికైన ప్రభుత్వానికి ఉద్యోగి జవాబుదారీ కావాలన్న పేరుతోనే. పాలకుడికి జవాబుదారీ కావడమూ, ప్రజలకు జవాబుదారీ కావడమూ ఒకటి కాదని మనం గుర్తుపెట్టుకోవాలి. మొదటిదే చాలునంటే ట్రెవెల్యన్‌లోనూ, టెంపుల్‌లోనూ తప్పు పట్టడానికి ఏమీ మిగలదు.

ఫ్రాన్సు ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. ఫాసిజంమీద విజయం తరవాత 1945లో అక్కడ జాతీయ పరిపాలనా పాఠశాల వెలిసింది. అంతకుముందు శాఖకొక పరీక్షగా, పారిస్ సంపన్న కుటుంబాల గుత్తసొత్తుగా ఉన్న ఉన్నతోద్యోగాలను అందరికీ తెరవడం దాని ఆశయం. కింది ఉద్యోగులు పైకి రావడానికి ప్రత్యేక పోటీపరీక్ష కూడా పెట్టారు. యువకుడుగా బొగ్గుగనిలో పనిచేసిన కమ్యూనిస్టు నాయకుడు మోరిస్ థోరేజ్ మంత్రిగా ఉండగా 1946లో ప్రభుత్వోద్యోగుల శాసనం వచ్చింది. ఇంతకన్నా మంచి ఆరంభం ఏ సంస్కరణకు ఉంటుంది? అయినా నాలుగు దశాబ్దాలు గడిచేసరికి ఆ పాఠశాల కొత్త కులీనవర్గాన్ని తయారుచేసే కార్ఖానాగా మారిందని పియెర్ బోర్దియూ 1989లో విశ్లేషించి చూపవలసివచ్చింది. నలుగురు అధ్యక్షులు ఆ గడపనుంచే వచ్చారు. 2018లో పసుపుచొక్కాల ఉద్యమం వీధుల్లోకి వచ్చినప్పుడు జనాగ్రహం ఆ పాఠశాలమీద కూడా పడింది. దాన్ని రద్దుచేసిన అధ్యక్షుడు మాక్రాన్ కూడా అక్కడే చదివినవాడు. ప్రవేశద్వారం వెడల్పు చేస్తే చాలదనీ, లోపలికి వెళ్ళినవారిని బయటివారు ప్రశ్నించే దారి కూడా ఉండాలనీ ఈ అనుభవం చెబుతున్నది.

4

దీనికి తాత్త్విక మూలం వెనకటిది. ఉద్యోగులు సమాజంలోని స్వార్థాలకు అతీతంగా నిలిచే సార్వజనీన వర్గమని హెగెల్ భావించాడు. ఆ భావాన్ని 1843లోనే మార్క్స్ ఖండించాడు. ఉద్యోగిస్వామ్యం ప్రభుత్వాన్ని తన సొంత ఆస్తిగా చేసుకుంటుందనీ, రహస్యం దాని ప్రాణవాయువనీ ఆయన వాదం. కాని ఖండించడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. 1917లో లెనిన్ ప్రభుత్వపు లెక్కలూ తనిఖీలూ చదవను రాయను వచ్చిన ప్రతి కార్మికుడూ చేయగల పనులేనని రాశాడు. ఆరేళ్ళ తరవాత, 1923లో, చివరి రచనల్లో ఒకదానిలో, అదే లెనిన్ కార్మిక–కర్షక తనిఖీశాఖ దుస్థితిని చూసి బాధపడ్డాడు. సంఖ్య తగ్గించి, మిగిలినవారికి పరిపాలనా విషయాల్లో పరీక్ష పెట్టాలన్నాడు. ఈ శాస్త్రం మీద ఉన్న పుస్తకాలు సేకరించుకు రావడానికి మనుషులను జర్మనీకో బ్రిటన్‌కో పంపాలన్నాడు.

కొందరు దీన్ని వెనకడుగు అంటారు. నాకట్లా అనిపించదు. నేర్చుకోవలసి ఉన్నదని ఒప్పుకోవడం విప్లవకారుడికి అవమానం కాదు. అసలు విషాదం వేరే ఉన్నది. ప్రజలు యంత్రాంగాన్ని తనిఖీ చేయడానికి పుట్టిన ఆ శాఖ తానే మరొక కచేరీ అయిపోయింది. తరవాతి దశాబ్దాల్లో పార్టీ జాబితాలే నియామకాలను శాసించాయి. బయటినుంచి ప్రశ్నించేవాడు లేనప్పుడు సోషలిస్టు నైపుణ్యం కూడా పైవాడివైపే చూస్తుందని మనం ఒప్పుకోక తప్పదు. ఈ మాట మన శత్రువులు చెబుతున్నారు గనుక మనం చెప్పగూడదనే వాదం సరికాదు.

యంత్రాలు వచ్చాక ఈ సమస్య తీరిపోతుందనే భ్రమ ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియాలో పేదలకు, నిరుద్యోగులకు ఇచ్చే భృతి విషయంలో 'రోబోడెట్' అని పేరుపడిన పథకం నడిచింది. మనిషి ఏడాది సంపాదనను పక్షాలకు సమానంగా భాగించి, "నీవు ఎక్కువ భృతి తీసుకున్నావు, తిరిగి కట్టు" అని కంప్యూటరు నోటీసులు పంపింది. దినకూలి సంపాదన అన్ని పక్షాల్లో ఒకేలా ఉండదని తెలియనిది ఎవరికి? ఈ పద్ధతి చట్టానికి ఒప్పదని 2014లోనే లోపలి న్యాయసలహా హెచ్చరించింది. అయినా పథకం 2019 దాకా సాగింది. 2023లో రాయల్ కమిషన్ నివేదిక ఇదంతా బయటపెట్టింది. అక్కడి అధికారులు చదువురానివారు కారు. వారిలో చాలామందికి లేనిది విద్య కాదు, 'ఇది తప్పు' అని కాగితంమీద రాసి సంతకం చేసే దమ్ము. అట్లా రాసినవాడిని కాపాడే వ్యవస్థ. ఈ దేశానికి ఒక కోర్నిష్ అవసరమైన సమయం అది.

5

ఇక మన సంగతి. తెలుగువాడికి నైపుణ్యమూ పెత్తనమూ కలిసిపోవడం కొత్త కాదు. కరణంగారి గొలుసుకట్టు రాత మన పల్లెలన్నిటికీ తెలుసు. తెలుగులోనే రాసి ఉన్నా తెలుగు చదివినవాడికి అర్థంకాని రాత అది. భూమి రైతుది, దఫ్తరం కరణానిది. తండ్రినుంచి కొడుకుకు సంక్రమించిన ఆ నేర్పు ఊరి మొత్తాన్ని గుప్పిట పెట్టుకుంది. వారసత్వంగా ఆ పదవి పొందే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులనే రద్దుచేసింది. మంచిపనే. కాని గొలుసుకట్టు పోయి పోర్టల్ వచ్చింది. తెలంగాణలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను తీసివేసి 'ధరణి'ని తెచ్చారు. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. తెరమీద తన పేరు కనబడని రైతుకు, ఆ తెర వెనక ఉన్న లెక్క ఒకప్పటి కరణం రాతకన్నా సులభంగా అర్థమయిందా? సంస్కరణను కొలవవలసిన ప్రశ్న ఇది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా మన చరిత్రలో ఉన్నది. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కళాశాలను నెలకొల్పి, కుర్ర దొరలకు తెలుగు, తమిళం నేర్పి జిల్లాలకు పంపారు. సి. పి. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దింది అక్కడే. కంపెనీకి కావలసింది శిస్తు. అయినా ఎవరినుంచి శిస్తు వసూలుచేయాలో వారి భాష రాకుండా పాలన సాగదని ఆ వ్యాపారులకు అర్థమయింది. స్వతంత్ర భారతంలో 2011లో సివిల్స్ ప్రాథమిక పరీక్షలో ఇంగ్లీషు గ్రహణశక్తిని కొలిచే ప్రశ్నలు చేర్చినప్పుడు, 2014లో భారతీయ భాషల విద్యార్థులు వీధికెక్కవలసివచ్చింది. ఆ మార్కులను లెక్కలోనుంచి తీసేశారు; 2015లో ఆ పత్రాన్ని 33 శాతంతో ఉత్తీర్ణులైతే చాలునన్న స్థాయికి తెచ్చారు. ప్రజల భాష రావడం నైపుణ్యమా, దొరల భాష రావడం నైపుణ్యమా అన్నది ఆ పోరాటంలోని అసలు ప్రశ్న. విద్యార్థులు దాన్ని సరిగానే పట్టుకున్నారు.

'కర్మయోగి' అన్న పేరు విషయం కూడా ఆలోచించదగ్గది. ఫలాపేక్ష లేకుండా తన పని తాను చేయడం కర్మయోగమని మన పెద్దల వివరణ. ఉద్యోగి తన ఫలాన్ని, అంటే లంచాన్నీ, ప్రమోషన్నీ, పతకాన్నీ వదులుకుంటే మెచ్చుకోవలసిందే. కాని అతని కర్మకు మరొక ఫలం ఉన్నది. అది అతనిది కాదు. బల్లకు అవతల నిలబడ్డవాడిది. పింఛను రాని ముసలమ్మది, పట్టా రాని గిరిజనుడిది. ఆ ఫలంపట్ల అపేక్ష లేకపోవడం యోగం కాదు, నిర్దయ. టెంపుల్ మద్రాసులో చేసింది అట్లాంటి కర్మే. శిక్షణా పాఠాలు ఎన్ని పూర్తిచేశాడన్న లెక్క కాక, అవతలివాడికి ఏమయింది అన్న లెక్క ఉద్యోగిని కొలవాలి.

ఆ లెక్క ఎవరు తీయాలి? 1994 నుంచి రాజస్థాన్ పల్లెల్లో కూలీలు బహిరంగ విచారణలు జరిపి ప్రభుత్వ ఖర్చుల జాబితాలను నలుగురిలో చదివించారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద మన ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. కూలీల కుటుంబాలనుంచి వచ్చిన యువతీయువకులు మస్టరు రోలు చదవడం నేర్చుకొని, ఊరూరా తిరిగి, గ్రామసభలో లెక్క చెప్పారు. చనిపోయినవారి పేర కూలి ఎత్తినవారు బయటపడ్డారు. తప్పు రాసినవారిమీద చర్యలన్నీ సక్రమంగా జరిగాయని నేననను. కాని 1917 నాటి ఆశలో ఉన్న సత్యం ఇక్కడ ఒక రూపం తీసుకుంది. ఉద్యోగికి మాత్రమే కాక ఉద్యోగిని ప్రశ్నించేవాడికి కూడా శిక్షణ ఇచ్చిన సంస్కరణ ఇది. ప్రభుత్వాల నైపుణ్య పథకాల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది.

కాబట్టి విద్యార్థులూ అధ్యాపకులూ నైపుణ్య సంస్కరణలను గుడ్డిగా వ్యతిరేకించగూడదు, గుడ్డిగా స్వాగతించగూడదు. ప్రతి సంస్కరణనూ మూడు ప్రశ్నలు అడగాలి. ఇది నేర్పే నైపుణ్యం ప్రజల భాషలో, ప్రజలు తిరిగి చదవగలిగేటట్టు ఉన్నదా? తప్పు ఉత్తర్వు వచ్చినప్పుడు కాదని రాసే ఉద్యోగికి రక్షణ ఇస్తున్నదా? లెక్క అడిగేవాడికి కూడా చదువు చెబుతున్నదా? ఈ మూడిటికీ అవునన్న జవాబు రాకపోతే అది పాత కరణానికి కొత్త కలం ఇవ్వడమే.

నా విద్యార్థికి ఇప్పుడు చెప్పగలిగింది ఇది. నాయనా, పరీక్ష రాయి. బాగా చదివి రాయి. చట్టం, లెక్క, సర్వే అన్నీ క్షుణ్ణంగా నేర్చుకో. నీ అజ్ఞానానికి మూల్యం చెల్లించేది నీలాంటి ఇంటివాళ్ళే. లోపలికి వెళ్ళాక ఒక్కడివే యంత్రాన్ని మారుస్తానని అనుకోకు. నీ సంఘాన్ని వదలకు. నీవు రాసిన కాగితం ఎవరిగురించి రాశావో వారికి చదివి వినిపించగలిగేటట్టు రాయి. అట్లా వినిపించలేని కాగితం ఎప్పుడైనా నీ బల్లమీదికి వస్తే, సంతకం చేసేముందు కర్నూలు జిల్లా కరువుపనుల్లో పౌను ధాన్యానికి మట్టి మోసినవాళ్ళను తలుచుకో.